గుండిగల మీది వ్రాత

మూలవాక్యము: జెకర్యా 14:20, 21

జెకర్యా ప్రవక్త తన గ్రంథమును ముగించుచు ప్రభువు దినమును గూర్చిన గొప్ప దర్శనము నొకదానిని వర్ణించెను. ఒలీవల కొండ నడిమికి చీలును; జీవజలములు యెరూషలేములోనుండి పారును; శేషించిన అన్యజనులు పండుగ నాచరించుటకు ఏటేట వచ్చుదురు. ఇంత చదివినవాడు, ముగింపున మరింత మహిమగల దృశ్యమేదో కనబడునని ఎదురుచూచును. అయితే ప్రవక్త చూపు కొండమీదినుండి వీధిలోనికి, వీధిలోనుండి వంటయింటిలోనికి దిగివచ్చినది. గుఱ్ఱముల మెడలలోని గంటలు, ఇండ్లలోని గుండిగలు, దేవుని మందిరములో ఇక కనబడని వర్తకుడు: ఈ మూడింటితో గ్రంథము ముగిసినది.

తెలుగు చదువరులకు ఇక్కడ కళ్ళెము అను మాటయే పరిచితము. ప్రాచీన గ్రీకు తర్జుమాయును కళ్ళెమనియే చెప్పినది. హెబ్రీ మూలములోని మాట మాత్రము గలగలమని మ్రోగు వస్తువును సూచించును గనుక గంటలని పలువురు పండితుల అభిప్రాయము. కళ్ళెమైనను గంటయైనను భావమునకు లోటులేదు. దానిమీద ఒక వ్రాత చెక్కబడియుండునని ప్రవక్త చెప్పుచున్నాడు. ఆ వ్రాత క్రొత్తది కాదు. నిర్గమకాండము 28వ అధ్యాయములో మోషే చేయించిన బంగారు రేకుమీద చెక్కబడినది అదియే. ఆ రేకు ప్రధానయాజకుని పాగా ముందు, నీలి దారముతో కట్టబడి, నొసటిమీద నుండెడిది. ఇది యెహోవాది, ఆయన కొరకే ప్రత్యేకింపబడినది అని ఆ వ్రాతకు అర్థము. ఇశ్రాయేలు జనమంతటిలో ఒక్క మనుష్యుని నొసట, అతడును సేవకు నిలిచిన వేళ మాత్రమే కనబడిన అక్షరములను ప్రవక్త వీధిలో పోవు గుఱ్ఱముమీద చూచెను.

ఆ జంతువును గూర్చియు ఆలోచింపవలెను. ఇశ్రాయేలు రాజు గుఱ్ఱములను విస్తారముగా సంపాదింపకూడదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది (ద్వితీ. 17:16). గుఱ్ఱము యుద్ధమునకు గుర్తు. ఐగుప్తు బలమునకు గుర్తు. జెకర్యాయే తన తొమ్మిదవ అధ్యాయములో యెరూషలేములో గుఱ్ఱములుండకుండ చేయబడునని చెప్పియున్నాడు. అట్టి జంతువు చివరికి ప్రధానయాజకుని నొసటి వ్రాతను ధరించినది. మందిరమునకు మిక్కిలి దూరమైనదనుకొన్నది మందిరపు వస్తువుల వరుసలో చేరినది.

గుండిగల సంగతి ఇంకను లోతైనది. బలిపశువు మాంసమును ఉడికించు పాత్రలు మందిరములో తక్కువ తరగతి పాత్రలు. మసిపట్టినవి, జిడ్డుపట్టినవి. బలిపీఠము ఎదుట రక్తమును పట్టిన పళ్ళెములతో వాటికి సాటి లేదు. అవి ఆ పళ్ళెములవలె నగునని ప్రవక్త మొదట చెప్పెను. అంతటితో ఆగక, యెరూషలేములోను యూదాదేశములోను ఇల్లిల్లాలి పొయ్యిమీది ప్రతి పాత్రయు అటువంటిదే యగుననెను. బలి అర్పించుటకు వచ్చినవాడు ఏ ఇంటి తలుపు తట్టి ఏ గుండిగ నడిగి తీసికొనినను, ఇది సరిపడదని యాజకుడు త్రోసివేయడు.

చాలమంది విశ్వాసుల మనస్సులో పరిశుద్ధత యనునది ఆదివారపు బట్టవలె నున్నది. ఉతికి, మడతపెట్టి, పెట్టెలో కర్పూరపు బిళ్ళలతో దాచి, ఆరాధన వేళ తీసి కట్టుకొందురు. దానిని అగౌరవపరచవలెనని ఎవరికిని ఉద్దేశము లేదు. గౌరవము ఎక్కువగుటచేతనే పొలమునకు, సంతకు, కచేరీకి దానిని కట్టుకొనిపోరు. మురికి అగునని భయము. అయితే జెకర్యా చూచిన పరిశుద్ధత పొయ్యిమీద పెట్టబడునది, మంటకు నల్లబడునది, ప్రతిదినము తోమబడునది.

లేవీయకాండము 19వ అధ్యాయమును ఒకమారు మెల్లగా చదివినవానికి ఈ సంగతి మరియొక త్రోవను తెలియును. దేవుడు పరిశుద్ధుడు గనుక ఆయన జనులును పరిశుద్ధులై యుండవలెనను ఆజ్ఞతో ఆ అధ్యాయము ఆరంభమగును. వెంటనే ఏమి వచ్చును? ఉపవాసములా? దీర్ఘ ప్రార్థనలా? తల్లికిని తండ్రికిని భయపడుట వచ్చును. విశ్రాంతిదినము వచ్చును. పొలము కోయునప్పుడు అంచులు బీదలకు విడిచిపెట్టుట వచ్చును. కూలివాని కూలి మరునాటి ఉదయమువరకు యజమానుని యొద్ద నిలువకూడదనుట వచ్చును. చెవిటివానిని తిట్టకూడదు, గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయకూడదు. కొండెములు చెప్పుచు తిరుగకూడదు. అధ్యాయపు చివరికి వచ్చుసరికి త్రాసు, తూకపు రాళ్ళు, కొలపాత్రలు వచ్చును.

చెవిటివానిని తిట్టుటయను పాపమును గూర్చి కొంచెము నిలిచి ఆలోచించుట మంచిది. ఆ తిట్టు అతనికి వినబడదు. అతని మనస్సు నొవ్వదు. సాక్షులు లేరు. లోకపు న్యాయస్థానములో ఆ నేరమునకు రుజువులేదు. గ్రుడ్డివాడు తట్టుకొని పడినను, ఆ రాయిని అక్కడ పెట్టినదెవరో అతడు చూడలేడు. మనుష్యులెవరును పట్టుకొనలేని పాపములను ఏరి, దేవుడు పరిశుద్ధతకు సంబంధించిన అధ్యాయములో చేర్చెను. మరియు ఆ చోటనే, నీ దేవునికి భయపడవలెనను మాట కలిపెను. ఎవరును వినని తిట్టును ఆయన వినును. వీపు వెనుక పలికిన మాటలు, తలుపు మూసిన గదిలో ఒంటరిగా చేతిలోని ఫోనులో చూచు దృశ్యములు, సంతకములేని ఉత్తరముతో తోటి సేవకుని పేరు చెడగొట్టుట, ఇవన్నియు చెవిటివాని ఎదుట పలికిన తిట్ల జాతిలోనివే.

కూలిని గూర్చిన ఆజ్ఞయును అట్టిదే. అక్కడ కూలి ఎగవేయుటను గూర్చి మాత్రమే చెప్పలేదు. ఒక్క రాత్రి ఆలస్యమును గూర్చియు చెప్పబడినది. యజమానునికి ఆ రాత్రి ఏమియు కాదు. అతని గాదెలో ధాన్యమున్నది. కూలివాని ఇంట ఆ రాత్రి పొయ్యి వెలుగదు. కుటుంబ ప్రార్థన ముగించి, కీర్తన పాడి, దీపమార్పి నిద్రించిన విశ్వాసి ఇంటికి నాలుగు ఇండ్ల అవతల అతని పనిమనిషి పిల్లలు ఆకలితో పండుకొనియున్నయెడల, ఆ ప్రార్థన సంగతి ఏమగును? బిగబట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో వ్రాసెను. కూలివాడు నోరు మెదపకపోయినను ఆ డబ్బే పరలోకమునకు వినబడునట్లు కేకవేయుచున్నదని అతని భావము.

ఈ బోధ తెలుగుదేశములో పుస్తకములోనే నిలిచియుండలేదు. ఒంగోలు ప్రాంతపు సంఘ చరిత్ర నెరిగినవారు యెర్రగుంట్ల పేరయ్యను మరువరు. తాళ్ళకొండపాడునకు చెందిన ఆ మాదిగ తోలువర్తకుడును, అతని భార్య నాగమ్మయు 1866లో బాప్తిస్మము పొందిరి. వారి సాక్ష్యము మూలముగా పల్లెపల్లెకు సువార్త వ్యాపించుచుండగా, క్రొత్తగా నమ్మినవారి యెదుట మూడు విషయములు నిలిచెను. ఆదివారమున పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసము తినకూడదు. విగ్రహములను పూజింపకూడదు. అక్షరము రాని పల్లెజనులకు మూడు వాక్యములలో ఇమిడిన పరిశుద్ధత అది.

నేడు చదువుకొన్న విశ్వాసికి ఆ మూడును చిన్న నియమములుగా కనబడవచ్చును. ఆనాడు అవి చిన్నవి కావు. మాదిగలు ఊరి రైతులకు చెప్పులు కుట్టి, బావులలోనుండి నీరు తోడు తోలు బానలను బాగుచేసి, పండుగలకు డప్పు వాయించి, దానికి బదులుగా కళ్ళములో గింజలు పొందెడివారు. ఆదివారమున బాన చినిగినయెడల రైతు సోమవారమువరకు ఆగునా? పైరు ఆగునా? గ్రామదేవత కొలువునాడు డప్పు వాయించననిన వానిని ఊరి పెద్దలు ఊరకుందురా? చచ్చిన పశువు మాంసము వద్దనుట, కరవు నెలలలో ఉన్న కొద్దిపాటి ఆహారమును వదలుకొనుట. ఆ మూడు మాటలకు లోబడినవాడు తన వారమును, తన కంచమును, తన ఊరితో తనకున్న సంబంధమును ప్రభువు చేతికి అప్పగించినవాడాయెను. అనేకులు బెదిరింపులను, దెబ్బలను, గింజల నష్టమును సహించిరి. మందిరములు కట్టక మునుపే ఆ గుడిసెలలోని కుండలు మారెను. సంఘ చరిత్రలు వ్రాయువారు బాప్తిస్మముల లెక్కను ఎక్కువగా వ్రాసి, ఈ కుండల సంగతి తక్కువగా వ్రాయుట విచారకరము.

1876 మొదలుకొని 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన మహాక్షామములో మరియొక పరీక్ష వచ్చినది. ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును క్షామ నివారణ పనిగా సాగించెను. కూలిపనికి పోయిన బీదలు పై మేస్త్రీల చేత బాధలు పడుటయు కద్దు. ఒంగోలు మిషనెరీయైన జాన్ క్లౌ దొరగారు యౌవనమున అమెరికాలో భూమి కొలత పని నేర్చినవారు. ఆయన ఆ కాలువలో మూడు మైళ్ళకు పైగా భాగమును తానే కాంట్రాక్టు తీసికొని, బోధకులను పైవిచారణకు నియమించి, వేలాది జనులకు పని కల్పించెను. పగలు మన్ను మోసిన జనులు మధ్యాహ్నపు విశ్రాంతిలో ఆ బోధకుల యొద్ద కూర్చుండి వాక్యము వినెడివారు. బాప్తిస్మమిమ్మని అడుగువారు నానాటికి హెచ్చిరి. దొరగారు ఇయ్యలేదు. ఏడాదికి పైగా ఒక్కరికిని ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చిన హృదయమెవరిదో, ప్రభువు కొరకు వచ్చిన హృదయమెవరిదో కరవు కాలములో తెలియదు గనుక, సహాయపు పనులు ముగియువరకు ఆగవలెనని వారి తీర్మానము. అటుపిమ్మట, కూలియు గింజలును చూపవలసిన పని లేనప్పుడు, వచ్చినవారిని పరీక్షించి చేర్చుకొనిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యను చెప్పి సంతోషించువారు అనేకులు. అయితే ఆ సంఖ్యకు వెనుకనున్న ఆలస్యములో మరింత పరిశుద్ధత కలదు. మిషనుకు లెక్కలు పంపవలసినవాడు, జనసమూహములు తన గుమ్మము నొద్ద నిలిచియుండగా, పుస్తకము మూసికొని ఏడాదికి పైగా ఆగుట సులభమైన పని కాదు. సంఘమునకు లాభకరముగా కనబడు ప్రతిదియు దేవునికి ప్రీతికరము కాదని ఆయన ఎరిగియుండెను.

జెకర్యా చివరి మాటలో మందిరములో ఇక ఉండడని చెప్పబడిన కనానీయుడు ఎవడు? ఆ హెబ్రీ పదమునకు వర్తకుడనియు అర్థము కలదు. అనేక వ్యాఖ్యానకర్తలు ఇక్కడ ఆ భావమునే గ్రహించిరి. గుండిగలన్నియు పరిశుద్ధమైనప్పుడు, ఇది మాత్రమే పరిశుద్ధమైన పాత్రయని చెప్పి మందిరపు గుమ్మములో ఎక్కువ ధరకు అమ్మువానికి పనిలేదు. యేసు ప్రభువు యెరూషలేము మందిరములో రూకలు మార్చువారి బల్లలను పడద్రోసిన దినమున, ఎవరిని ఏ పాత్రయు మందిరములోనుండి మోసికొని పోనియ్యలేదని మార్కు ప్రత్యేకముగా వ్రాసెను (11:16). ఆ వచనము చదివినప్పుడు జెకర్యా గుండిగలు జ్ఞాపకమునకు రావా?

గుండిగ మందిరమును పాడుచేసిన సంగతియు లేఖనములలో కలదు. షిలోహులో ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసులు బలిమాంసము ఉడుకుచుండగా మూడు ముండ్లుగల కొంకిని పంపి, పైకి వచ్చినదంతయు తమదని తీసికొనెడివారు. క్రొవ్వు దహింపకమునుపే పచ్చిమాంసము నడుగుటకును జంకలేదు (1 సమూ. 2:12-17). ఫలితముగా జనులు యెహోవాకు నైవేద్యము చేయుటయే అసహ్యించుకొనిరి. యాజకుడు గుండిగలో కొంకి వేసినందున, సామాన్యుని హృదయములో ఆరాధన చచ్చిపోయినది. ఈనాడు కొన్ని సంఘములలో యౌవనులు ఆరాధనకు వచ్చుట మానిరని పెద్దలు విచారించుచున్నారు. సినిమాలను, కాలమును నిందించుచున్నారు. సంఘపు ఆస్తులను గూర్చి, పదవులను గూర్చి న్యాయస్థానములలో ఏండ్ల తరబడి నడచు వ్యాజ్యెములను ఆ యౌవనులు చూడలేదా? కొంకి చప్పుడు వారికి వినబడలేదా? అవిశ్వాసుల యెదుట సహోదరుడు సహోదరునితో వ్యాజ్యెమాడుటకంటె అన్యాయము సహించుట మేలని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాట (1 కొరింథీ. 6) కమిటీ గదులలో వినబడుట అరుదు.

పెండ్లిండ్ల విషయమును విడిచిపెట్టరాదు. క్రైస్తవ వివాహమునకు ముందు మూడు ఆదివారములు సంఘములో ప్రకటన చదువబడును. అభ్యంతరమేదైన నున్నయెడల తెలుపవలెనని కాపరి అడుగును. వరుని పేరు, వధువు పేరు, తండ్రుల పేర్లు, ఊర్ల పేర్లు బహిరంగముగా చదువబడును. కట్నపు మొత్తము మాత్రము ఎన్నడును చదువబడదు. 1961లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. అంతకుముందు ఎంతో కాలమునుండి కొండమీది ప్రసంగము సంఘములో చదువబడుచునే యున్నది. అయినను కుమారుని చదువును, ఉద్యోగమును తూకమువేసి ధర నిర్ణయించువారు బల్లయొద్దకు నిర్భయముగా వచ్చుచున్నారు. ఏ తరమువారో విడిచివచ్చిన కులము పేరు సంబంధము వెదకునప్పుడు మెల్లగా గుమ్మము దాటి లోపలికి వచ్చి కూర్చుండును. ఒకే పాత్రలోనిది త్రాగినవారు ఒకే పందిరి క్రింద వియ్యమందుటకు వెనుదీయుదురు. ఆ ప్రకటన చదువునప్పుడు ఒకడు లేచి, అభ్యంతరమున్నది, ఇంత సొమ్ము చేతులు మారినది అని పలికినయెడల, ఆ సంఘము ఏమి చేయునో! బహుశా అతనినే కూర్చుండుమని గద్దించును.

మంచి గుండిగలును లేకపోలేదు. తెలుగు గ్రామ సంఘములలో పిడికెడు బియ్యపు అలవాటు ఒకటి కలదు. ఇల్లాలు అన్నమునకు బియ్యము కొలిచినప్పుడెల్ల, ఎసరులో వేయకమునుపు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయును. వారాంతమున దానిని ఆరాధనకు తెచ్చి అర్పించును. 1912 డిసెంబరు 29న అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా దోర్నకల్ నుండి సేవచేసిన అజరయ్యగారు అర్పణను గూర్చి ఎంతో బోధించినవారు. బీద విశ్వాసులుగల సంఘము ఇచ్చుటవలన ఎదుగునే గాని పుచ్చుకొనుటవలన ఎదుగదని వారి నమ్మకము. ఆ పిడికెడు బియ్యములో సొమ్ము తక్కువ. ఆ క్షణము గొప్పది. దినమునకు రెండుమారులు, పొయ్యి ముందు, పిల్లలు ఆకలియని కొంగు లాగుచుండగా, ఆ స్త్రీ తన కుండ ఎవరిదో జ్ఞాపకము చేసికొనుచున్నది. ఆ చేతిని ఎవరును చూడలేదు. పిడికిలి పెద్దదైనను చిన్నదైనను ఆమెకును దేవునికిని మాత్రమే తెలియును.

పట్టణములలో కుండ మారినది, పని మారినది. ఖరగ్‌పూరులోను, భిలాయిలోను, ముంబయిలోను ఉన్న తెలుగు విశ్వాసులకు తోలు బానలు లేవు. వారికి హాజరు పట్టీ యున్నది, బిల్లు పుస్తకమున్నది, రాత్రి డ్యూటీ యున్నది. పాఠశాలకు ఆలస్యముగా వచ్చి సరియైన వేళకు వచ్చినట్లు సంతకము చేయు ఉపాధ్యాయుడు ఆ పట్టీమీద ఏమి వ్రాసినట్లు? వార్డులో తెల్లవారుజామున మూడు గంటలకు, పెద్ద డాక్టరుగాని మేట్రనుగాని లేని వేళ, పక్క తడిపిన ముసలివానిని విసుగుకొనక శుభ్రపరచి దుప్పటి మార్చిన నర్సు చేసినది ఆరాధన కాదా? థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయములో పరిశుద్ధపరచబడుటయే దేవుని చిత్తమని చెప్పిన అపొస్తలుడు, అదే అధ్యాయములో శరీరమును ఘనతతో కాపాడుకొనుటను, సహోదరుని మోసపుచ్చకుండుటను, నెమ్మదిగా స్వహస్తములతో పనిచేయుటను చెప్పెను. శరీరము, సొమ్ము, పని. ఇంతకంటె దినచర్యకు దగ్గరగా ఏ అపొస్తలుడును బోధింపలేడు.

అయితే ఇక్కడ ఒక చిక్కు కలదు. ఇదంతయు విన్న నిజాయితీపరుని గుండె బరువెక్కును. తన గుండిగను ఎన్ని మారులు తోమినను మసి పోదని అతడెరుగును. జెకర్యాతో కూడ ఆ కాలములోనే సేవచేసిన హగ్గయి ఇట్టి ప్రశ్ననే యాజకుల నడిగెను. దర్యావేషు ఏలుబడిలో రెండవ సంవత్సరమున, అనగా క్రీ. పూ. 520లో, ఆయన అడిగినదేమనగా: ఒకడు తన వస్త్రపు చెంగులో ప్రతిష్ఠితమైన మాంసమును కట్టుకొని పోవుచు, ఆ చెంగుతో రొట్టెనైనను ద్రాక్షారసమునైనను తాకించినయెడల అది పరిశుద్ధమగునా? కాదని యాజకులు చెప్పిరి. శవమును ముట్టి అపవిత్రుడైనవాడు వాటిని తాకినయెడల అపవిత్రమగునా? అగునని చెప్పిరి (హగ్గయి 2:11-13). మురికి అంటుకొనునే గాని శుద్ధి అంటుకొనదు. రోగము వ్యాపించునే గాని ఆరోగ్యము వ్యాపింపదు. ఈ న్యాయమే నిలిచినయెడల విశ్వాసి లోకమునకు దూరముగా పారిపోవుట తప్ప వేరే మార్గము లేదు. ఆదివారపు బట్టను పెట్టెలో దాచువాని భయమునకు హగ్గయి కాలపు యాజకులు సాక్ష్యమిచ్చుచున్నారు.

పండ్రెండు సంవత్సరములు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ గుంపులో వెనుకనుండి వచ్చి ప్రభువు వస్త్రపు చెంగును ముట్టినది. ధర్మశాస్త్ర ప్రకారము ఆమె ముట్టినది అపవిత్రము కావలెను. చెంగు అపవిత్రము కాలేదు, ఆమె బాగుపడినది. ఆయన కుష్ఠరోగిని చేయిచాపి ముట్టెను. కుష్ఠము ప్రభువునకు అంటలేదు, ప్రభువు శుద్ధి రోగికి అంటినది. హగ్గయి ప్రశ్నకు యాజకులు చెప్పిన జవాబు ఆ దినమున తలక్రిందులాయెను. గుఱ్ఱము గంటమీద ఆ వ్రాత ఎట్లు వచ్చునో, మసిగుండిగ బలిపీఠపు పళ్ళెమునకు ఎట్లు సాటియగునో ఇప్పుడు తెలియుచున్నది. పాత్ర తన్నుతాను తోముకొని కాదు, ఆయన ముట్టినందున. అందుచేతనే విశ్వాసి సంతకు పోవచ్చును, కచేరీకి పోవచ్చును, శవము లేచిన ఇంటికి పోయి కూర్చుండవచ్చును.

కృప యున్నదని లెక్క సరిచేయనక్కరలేదని ఎవరును తలంపరాదు. జక్కయ్య ఇంటికి ప్రభువు వచ్చినది జక్కయ్య సొమ్ము తిరిగి ఇచ్చిన తరువాత కాదు, ముందు. అయితే ప్రభువు వచ్చిన ఇంటిలో ఆ సొమ్ము నిలువలేకపోయినది.

ఒక సంఘమును చదువరి ఊహించుకొనవలెను. పేరు అక్కరలేదు, అట్టి సంఘములు అనేకములు. కోతకాలపు కృతజ్ఞతార్పణ పండుగ ముగిసినది. గుమ్మడికాయలు, కోళ్ళు, బియ్యపు బస్తాలు వేలములో అమ్ముడుపోయినవి. సొమ్ము కోశాధికారి యింట ఇనుపపెట్టెలో నున్నది. అతడు ఇరువది యేండ్లుగా నమ్మకముగా లెక్క చూచినవాడు. ఆ వారములో అతని కుమార్తెకు కాన్పు కష్టమైనది. అర్ధరాత్రి పట్టణపు ఆసుపత్రిలో సొమ్ము కట్టుమన్నారు. ఇనుపపెట్టె తెరచెను. నెల జీతము రాగానే పెట్టుదుననుకొనెను. జీతము వచ్చినది, మందుల ఖర్చు వచ్చినది. రెండు నెలలు గడచెను. లెక్క చదువు దినము దగ్గరకు వచ్చినది.

అతడు దొంగయా? లోకము వెంటనే అవుననును. అతని స్నేహితుడు కాదనును. అతని మనస్సాక్షి రాత్రులు రెండును చెప్పుచున్నది. అతనికి మూడు త్రోవలు కనబడినవి. ఒకటి, వడ్డీకి అప్పు తెచ్చి నింపి, ఎవరికిని చెప్పకుండుట. సంఘమునకు నష్టము లేదు గదా! రెండవది, వేలపు పట్టీలో రెండు సంఖ్యలు మార్చుట. మూడవది చెప్పుట. మొదటి త్రోవ మిక్కిలి గౌరవమైనదిగా కనబడును. అయితే చెవిటివాని యెదుట పలికిన తిట్టు సంగతి అక్కడను ఉన్నది. సొమ్ము నిండినను, ఇరువది యేండ్ల నమ్మకమును తాను ఒక రాత్రి వాడుకొనిన సంగతి నిండదు. అర్పణను బలిపీఠము నొద్ద విడిచి, ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 5:23, 24) అతనిని విడువలేదు. ఆ మరునాడు ప్రభువు బల్ల యున్నది.

శనివారము రాత్రి, దీపములు పెట్టిన తరువాత, అతడు లెక్క పుస్తకమును తువ్వాలులో చుట్టుకొని కాపరి ఇంటికి వెళ్ళెను. కాపరిగారు ప్రసంగము వ్రాసికొనుచుండిరి.

“అయ్యగారూ, లెక్క కుదరలేదండి.”

“కూర్చోండి బాబూ. ఎంత తేడా వచ్చింది?”

“తేడా రాలేదండి. నేనే తీసితిని.”

కాపరిగారు కలము క్రింద పెట్టిరి. చాలసేపు ఇద్దరును మాటలాడలేదు. లోపల అమ్మగారు గిన్నెలు కడుగు చప్పుడు వినబడుచుండెను. కోశాధికారి జరిగినదంతయు చెప్పెను. కుమార్తె సంగతి చివర చెప్పెను, అదియు కాపరిగారు అడిగిన తరువాత.

“అమ్మాయి ఎట్లా ఉంది?”

“ఇప్పుడు బాగానే ఉందండి. బిడ్డకూడ.”

“దేవునికి స్తోత్రం. ఆ రాత్రి నా తలుపు తట్టలేకపోయారా బాబూ?”

అతడు జవాబు చెప్పలేదు. నిజమునకు ఆ ప్రశ్న సంఘమంతటికిని చెందినది. అర్ధరాత్రి ఒక సహోదరుడు ఏ తలుపును తట్టలేక ఇనుపపెట్టెను తెరచినయెడల, ఆ తలుపులన్నిటిమీదను ఏమి వ్రాయబడియున్నట్లు?

“రేపు బల్లకు రానండి. ఈ పుస్తకము మీరే పెద్దలకు ఇవ్వండి. నా ముఖం చూపలేను.”

కాపరిగారు పుస్తకమును తీసికొనలేదు. తువ్వాలులో మరల చుట్టి అతని చేతిలోనే పెట్టిరి.

“ఆరాధనకు ముందు పెద్దలు ఏడు గంటలకు వస్తారు. మీరే చెప్పాలి బాబూ. నేను మీ ప్రక్కన కూర్చుంటాను.”